'వెళ్తుండేవాణ్ని'కి 'వాజ్ గోయింగ్' ఎందుకు తప్పు?

చినుకు:
సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. 'వెళ్తుండేవాణ్ని'కి 'ఐ వాజ్ గోయింగ్' అని రాస్తే ఎర్రగీత కొట్టారు. గతంలో జరుగుతూ ఉన్న పనికి వాజ్ పెట్టి, క్రియకి ఇంగ్ చేర్చాలనే కదా నేర్పింది? రేపే టెస్టు, టెన్షన్‌గా ఉంది.

పాతపెన్సిల్:
పూర్తి వాక్యం పెట్టండి.

అక్షరమాల:
ఇంగ్ చేర్చేటప్పుడు స్పెల్లింగ్ ఎవరూ చూసుకోరు. రన్‌కి రెండో ఎన్ రావాలి, స్విమ్‌కి రెండో ఎమ్. కమ్ చివర ఈ పోవాలి. ట్రావెల్‌కైతే బ్రిటిష్‌వాళ్లు రెండు ఎల్‌లు రాస్తారు, అమెరికన్లు ఒకటే. ముందు ఇవి సరిచూసుకోండి.

చినుకు:
గోయింగ్‌లో స్పెల్లింగ్ తప్పడానికి ఏముందండీ!

వ్యాకరణప్రియ:
అసలు దీన్ని పాస్ట్ ప్రోగ్రెసివ్ అనాలి. కంటిన్యువస్ అని నేర్పేసరికి పిల్లలు అవి రెండు వేర్వేరనుకుంటున్నారు.

మైదానం:
రెండూ ఒకటేనండీ, పేరు ఏదైతేనేం?

వ్యాకరణప్రియ:
ఏదైతేనేం అంటే ఎలా? కాలాన్ని చెప్పేది వాజ్ ఒక్కటే. పని నడుస్తోందని చెప్పేది ఇంగ్. పేరులో ఆ సంగతి తెలియాలి.

పాతపెన్సిల్:
వాక్యం ఏది?

చినుకు:
'చిన్నప్పుడు రోజూ బడికి వెళ్తుండేవాణ్ని.' మిగతాదంతా సరిగ్గానే రాశాను.

పాతపెన్సిల్:
'రోజూ' ఉంది కదా. యూస్డ్ టు గో. వెంట్ అన్నా సరిపోతుంది.

మైదానం:
ఇక్కడ మన తెలుగే దారి తప్పిస్తుంది. 'వెళ్తుండే' అనగానే పని సాగుతున్నట్టు వినిపిస్తుంది గానీ, మీరు చెప్పింది అలవాటు. అదే 'బడికి వెళ్తుండగా వాన మొదలైంది' అనండి. అది ఒక్కరోజు సంగతి, మీరు ఇంకా దారిలోనే ఉన్నారు, బడి చేరలేదు. అక్కడ 'ఐ వాజ్ గోయింగ్ టు స్కూల్ వెన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్' చక్కగా కుదురుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 'ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యూ'లో వెళ్లడమే లేదు, అది 'ఫోన్ చేద్దామనుకున్నాను' అని.

వ్యాకరణప్రియ:
అలవాటైతే ఇంగ్ రాదని మాత్రం చెప్పకండి. 'హీ వాజ్ ఆల్వేస్ కమింగ్ లేట్' అని విసుక్కుంటూ అంటారు.

మైదానం:
నిజమే, కానీ రేపు టెస్టు రాసే మనిషికి ఇప్పుడు అదెందుకండీ?

చినుకు:
'రోజూ' అంత ముఖ్యమనుకోలేదు. యూస్డ్ టు అని మార్చాను. థాంక్సండీ.

వ్యాకరణప్రియ:
మరి 'ఆ వారమంతా నడిచే వెళ్లాను' అన్నప్పుడో? అదీ రోజూ చేసిందే, అయినా 'ఐ వాజ్ వాకింగ్ టు స్కూల్ దట్ వీక్' అంటారు. దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.