తడోబా సఫారీలో గైడ్‌ని ఏం అడగొచ్చు?

మాది విశాఖ, మధురవాడ. పులిని జూలో తప్ప చూసింది లేదు. మా ఊరి పక్కనున్న కంబాలకొండ అడవిలో దుప్పి కనిపిస్తేనే మాకు పండగ. ఏప్రిల్‌లో అమ్మని తీసుకుని నాగపూర్ మీదుగా మహారాష్ట్రలోని తడోబా పులుల అడవికి వెళ్తున్నాం. ఎండలు మండిపోతాయని తెలుసు, కానీ పులులు నీళ్ల దగ్గరికొచ్చేది అప్పుడే కదా.

అమ్మకి 64, నడుం నొప్పి. సఫారీకి తీసుకెళ్లే ఓపెన్ జీపు, అదే జిప్సీలో వెనక సీటు కుదుపులు ఎక్కువా? అడవిలో దిగనివ్వరు, మరి బాత్రూం సంగతేంటి?

అసలు అనుమానం గైడ్ గురించే. కొండముచ్చులు, దుప్పులు అరిస్తే పులి జాడ పట్టేస్తారట. అప్పుడు ఇంజన్ ఆపి కాసేపు ఆగుదామని మనం అడగొచ్చా, వాళ్లకి చిరాకా? మా బావేమో "ఐదొందలు చేతిలో పెట్టు, పులి అదే వస్తుంది" అంటాడు. నాకది నచ్చలేదు. టిప్ ముందివ్వాలా, తర్వాతా? పైగా మా హిందీ అంతంతమాత్రం. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.