కరిగిపోయినవా, క్రాగిపోయినవా?

గోదారిగట్టు: జానంపేట దగ్గర రాక్షసగుళ్ళు (పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులు) చూసొచ్చినప్పట్నుంచీ శ్మశానం మీద జాషువా గారు రాసిన పద్యం చివరి పాదం బుర్ర తినేస్తోంది. "కన్నీటంబడి ... పోయినవి నిక్కంబిందు పాషాణముల్". మధ్యలోది కరిగియా, క్రాగియా? నా నోటికొచ్చింది "కరిగి". బండల కింద రాతి తొట్టి అంచు అరిగి నున్నగా తగిలింది, అదే సరైందనిపించింది.

లఘువుగురువు: శార్దూల వృత్తమండీ. గణాల వరస మ స జ స త త గ. "బడి క్రా" సగణం (రెండు లఘువులు, ఒక గురువు). "కరిగి" పెడితే గణం అక్కడే కూలింది. యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు) "నిక్కం"లోని "క్కం" మీద ఉంది, దాన్ని కూడా ఒకక్షరం అవతలికి నెట్టేస్తుంది. ఇంక చర్చేముంది?

పాతసంచిక: ఉంది. ఆ "కరిగి" ఎక్కణ్ణుంచి దూరిందో చెప్పనా? అదే వరసలో తర్వాత వచ్చే సీసపద్యంలోంచి. "కమ్మని కలము నిప్పులలోన గరిగిపోయె". హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ఈ పద్యాలు విని పెరిగిన చెవులకు రెండూ కలిసిపోతాయి.

గోదారిగట్టు: సరే, క్రాగి. రాయి కాగడమేంటి? నీళ్ళు కాగుతాయి గానీ.

పాతసంచిక: పెనం కాగదా? జ్వరమొస్తే ఒళ్ళు కాగిపోవట్లా? తల్లుల కన్నీళ్ళ వేడికి బండలకు జ్వరం తగిలింది. అదీ జాషువా అంటే.

లఘువుగురువు: జ్వరం మీ కల్పన. ఇక్కడ క్రాగడం అంటే మాడడమే.

బొమికలసంచి: మీరిద్దరూ రాళ్ళ దగ్గరే ఆగిపోయారు. రాయి ఎక్కడికీ పోదు, పోయేది ఎముక. ఆమ్లగుణం ఉన్న నేలలో అది నిజంగానే కరిగిపోతుంది. అందుకే చాలా బృహత్‌శిలా సమాధుల్లో, అంటే ఈ రాక్షసగుళ్ళ లాంటివాట్లో, నలుపు ఎరుపు కుండలు, ఇనప కత్తులు, పూసలు దొరుకుతాయి, మనిషే దొరకడు. ఇక అదే పద్యంలో "ఒకడైనన్ లేచిరాడక్కటా" అంటే ఎలా లేస్తాడండీ? సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో కప్పుబండ తీయడానికి క్రేను తేవాల్సొచ్చింది. 40 టన్నుల పైమాటే!

లఘువుగురువు: అయినా "చలనంబులేని శయనం" అన్నాడుగా. శయనం అంటే పూడ్చిందే, కాల్చింది కాదు. మరి సీసంలో నిప్పులేమిటి?

బొమికలసంచి: ఆ బండ సమాధులు కట్టిన పాతవాళ్ళది చాలాచోట్ల శయనం కూడా కాదు. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, మాంసం పోయాక పుర్రె, తొడ ఎముకలు లాంటివి ఏరి తెచ్చి పేర్చేవారు. ఒకే గదిలో నలుగురైదుగురివి కలగాపులగంగా ఉంటాయి. విడదీయడమే పెద్ద పని. కటి ఎముక చూసి ఆడా మగా, తొడ ఎముక పొడవుతో ఎత్తు, పంటి అరుగుదలతో వయసు అంచనా కడతారు. పంటి ఎనామిల్లో స్ట్రాన్షియం (నేలలోంచి తిండి ద్వారా ఒంట్లో చేరే ఒక మూలకం) రకాల నిష్పత్తి కొలిస్తే ఆ మనిషి చిన్నప్పుడు ఎలాంటి నేల మీద పెరిగాడో, చచ్చిన చోటివాడేనా, వలస వచ్చినవాడా అన్నది కొంత తేలుతుంది. డీఎన్‌ఏ మన ఎండలకు ఆగడం కష్టం. చెవి లోపలి గట్టి ఎముకలో కాస్త ఆశ.

పాతసంచిక: మరి పద్యంలో "ఏ తల్లులల్లాడిరో" అన్న, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల సంగతి?

బొమికలసంచి: అక్కడే బాధ. పసివాళ్ళ ఎముకలు పల్చన, ముందు అవే పోతాయి. పాలపళ్ళు మిగిలితే మాత్రం వయసు పెద్దవాళ్ళకంటే కచ్చితంగా చెప్పొచ్చు.

పాతసంచిక: జాషువాను ఈ నాలుగు పద్యాలకే కుదించేశారని నా ఏడుపు. ఆయన గబ్బిలం కావ్యం ఎవరూ తెరవరు. గుళ్ళోకి రానివ్వని మనిషి కబురు శివుడికి గబ్బిలం చేత పంపించాడు, ఆ ఊహకు ఎన్ని దండాలు పెట్టాలి!

కొత్తచెప్పు: గుడి అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా తాతగారు "రాక్షసగూళ్ళు" అనేవారు. గూడులా ఉంటుంది గనక అదే సరైందని నా వాదన. లోపల దేవుడే లేనప్పుడు గుడెలా అవుతుంది?

లఘువుగురువు: గుడికి గుళ్ళు, గూడుకి గూళ్ళు. జనం అంతా ఆ దీర్ఘాన్ని ఎప్పుడు మింగారో ముందు అది చెప్పండి.