రీసర్టిఫైడ్ హార్డ్ డ్రైవులను ఇంటి నిల్వకు నమ్మవచ్చునా? శ్రీకాకుళం, విజయనగరం సభ్యుల చర్చ

ఏడురోడ్ల స్టూడియో (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో 2009 నుంచి ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, గృహప్రవేశాల వీడియోలు తీయడం నా వృత్తి. దానితోపాటు మన పల్లెల్లో తప్పెటగుళ్లు ఆడే బృందాలను, జముకుల కథ చెప్పేవారిని సొంత ఖర్చుతో చిత్రీకరించి దాచుకుంటున్నాను. ఆ కళాకారుల్లో కొందరు ఇప్పుడు లేరు కనుక, ఆ ఫైళ్లు పోతే మళ్లీ తీయడానికి మనుషులే ఉండరు.

అన్నీ కలిపి సుమారు 13 టీబీ ఉంటాయి. 2 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవులు ఎనిమిదింటిలో నింపి బీరువాలో పెట్టాను. నిరుడు వాటిలో రెండు తెరుచుకోవడం మానేశాయి. అందుకని 16 టీబీ డ్రైవులు మూడు కొనాలని నిశ్చయించుకున్నాను కానీ, మూడూ కొత్తవి కొనే స్తోమత నాకు లేదు. రీసర్టిఫైడ్ పేరుతో అమ్మేవి విచారిస్తే, రెండు కొత్తవాటి ధరకు మూడు వచ్చేలా ఉన్నాయి. వీటిని కొనవచ్చునా, కొంటే ఎలా పరీక్షించాలి? దయచేసి వివరంగా చెప్పగలరు.

గంటస్తంభం రిపేర్స్ (విజయనగరం):

అయ్యా, పదిహేడేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, వద్దు.

రీసర్టిఫైడ్ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. మొదటిది, డ్రైవు తయారుచేసిన కంపెనీయే తిరిగి వచ్చినదాన్ని తన ఫ్యాక్టరీలో పరీక్షించి, కొత్త లేబుల్ అంటించి విడుదల చేసేది. రెండోది, డేటా సెంటర్లు తీసేసిన డ్రైవులను ఎవరో టోకున కొని, తుడిచి, తామే ధ్రువీకరించామని చెప్పి అమ్మేది. మొదటిదానికి కనీసం ఒక పద్ధతి ఉంటుంది. రెండోదానికి ఆ అమ్మకందారు మాటే ఆధారం.

రెండింటిలోనూ నన్ను బాధించేది ఒక్కటే. డ్రైవు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ అనే చిట్టాలో, అది ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే లెక్కను చాలాసార్లు సున్నాకు తెచ్చి అమ్ముతారు. 2025 ఆరంభంలో జర్మనీలోని హైజె వార్తాసంస్థ బయటపెట్టిన సంగతి గుర్తు చేస్తాను. సీగేట్ డ్రైవులను కొందరు అమ్మకందారులు సరికొత్తవని అమ్మితే, స్మార్ట్ లెక్కలో గంటలు దాదాపు ఏమీ లేవు. ఆ డ్రైవులు లోపల విడిగా రాసుకునే ఫార్మ్ అనే మరో చిట్టాలో మాత్రం 15,000 నుంచి 50,000 గంటల వాడకం కనబడింది. చియా అనే క్రిప్టో నాణెం కోసం రాత్రింబవళ్లు నడిపినవే ఇలా మార్కెట్టుకు వచ్చి ఉంటాయని అనుమానించారు. కొత్తదని చెప్పి అమ్మినదాని సంగతే ఇలా ఉంటే, వాడినదని చెప్పి అమ్మేదాని పూర్వచరిత్ర మనకు ఎవరు చెబుతారు?

మీరు దాచుకోవాలనుకున్నది మళ్లీ దొరకనిది. దాన్ని చరిత్ర తెలియని వస్తువులో పెట్టవద్దు.

సర్వర్ మాస్టారు (శ్రీకాకుళం):

నేను కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇంట్లో నాలుగేళ్లుగా రీసర్టిఫైడ్ డ్రైవులతోనే నిల్వ యంత్రం నడుపుతున్నాను కనుక, రిపేర్స్ గారితో గౌరవంగా విభేదిస్తున్నాను. వారు చెప్పిన వాస్తవాలన్నీ నిజమే. వాటినుంచి వారు తీసిన నిర్ణయం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

కొత్త డ్రైవు కూడా పోతుంది. తాను నడిపే లక్షలాది డ్రైవుల లెక్కలను 2013 నుంచి బహిరంగంగా ప్రకటిస్తున్న బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2024కు చూపిన వార్షిక వైఫల్యం 1.57 శాతం. అంటే మంచి గదిలో, మంచి కరెంటుతో నడిచే నూరు డ్రైవుల్లో ఏడాదికి ఒకటో రెండో పోతూనే ఉంటాయి. కొత్తది కొన్నామన్న ధైర్యంతో ఒకే ప్రతి ఉంచుకునేవాడికంటే, వాడినవి మూడు కొని మూడు ప్రతులు ఉంచుకునేవాడి ఫైళ్లే భద్రంగా ఉంటాయి. డ్రైవుకు తెలిసిన చరిత్ర లేదు కాబట్టి, మన ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆ చరిత్రను మనమే మొదలుపెట్టి రాయాలి. పరీక్ష అంటే నా దృష్టిలో అదే.

కొనేముందు చూడవలసినవి ముందు చెబుతాను. జీఎస్టీ బిల్లుమీద డ్రైవు సీరియల్ నంబరు రాసి ఇచ్చే అమ్మకందారు దగ్గరే కొనండి. ఆ నంబరును తయారీ కంపెనీ వెబ్‌సైటులో వేసి చూస్తే, వారంటీ కంపెనీది మిగిలి ఉందా, లేక అమ్మకందారు మాటేనా అన్నది తెలుస్తుంది. విదేశం నుంచి తెప్పించుకుంటే, పోయిన డ్రైవును తిరిగి అక్కడికే పంపవలసి వస్తుంది కాబట్టి, ఆ వారంటీని లేనట్టే లెక్కపెట్టండి. పోర్టు ఇంటి కంప్యూటర్లలో ఉండే సాటానా, సర్వర్లలో వాడే శాస్‌నా అన్నది తప్పనిసరిగా అడగండి, ఎందుకంటే శాస్ డ్రైవు మామూలు మదర్‌బోర్డుకు తగలదు. హోస్ట్ మేనేజ్డ్ ఎస్ఎంఆర్ అని ఉంటే ఎంత చవకైనా వదిలేయండి, అవి మామూలు కంప్యూటర్లలో సాధారణ డ్రైవుల్లా పనిచేయవు.

మరొక సంగతి. ఇంటికి తెచ్చి పెట్టగానే డ్రైవు అసలు తిరగకపోతే, చచ్చిపోయిందని కంగారుపడకండి. డేటా సెంటర్ల డ్రైవుల్లో కొన్నింటికి సాటా కరెంటు కనెక్టరులోని 3వ పిన్నుకు 3.3 వోల్టులు అందితే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఇస్తూనే ఉంటాయి. ఆ పిన్నును కరెంటు పారనివ్వని కాప్టన్ టేపుతో కప్పితే డ్రైవు లేస్తుంది.

ఇక పరీక్ష. డ్రైవు వచ్చిన రోజునే, ఏమీ రాయకముందే, స్మార్ట్ వివరాలు మొత్తం ఒక ఫైలులోకి తీసి దాచండి. దానికి లైనక్సులో స్మార్ట్‌సీటీఎల్, విండోసులో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములు చాలు. సీగేట్ అయితే ఫార్మ్ చిట్టాను కూడా తీయండి, స్మార్ట్‌సీటీఎల్ 7.4 నుంచి దాన్ని చదవగలదు. ఆ వివరాల్లో ప్రతి వరుసకూ ఒక నంబరు ఉంటుంది, మీరు కళ్లు పెట్టవలసినవి 5, 187, 188, 197, 198 నంబర్ల వరుసలు. వీటిలో 5 అంటే పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక అనుమానంలో ఉంచినవి. 199 పెరిగితే మాత్రం ముందు కేబులు మార్చి చూడండి, అది తరచుగా డ్రైవు తప్పు కాదు.

తర్వాత డ్రైవు తనను తానే ఆసాంతం చదివి చూసుకునే లాంగ్ టెస్ట్ పెట్టండి, 16 టీబీకి ఒక రోజు దాటుతుంది. అది గట్టెక్కితే లైనక్సులోని బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామును రాసే పద్ధతిలో నడపండి. అది డ్రైవు మొదటి నుంచి చివరి వరకు ఒక నమూనా రాసి, తిరిగి చదివి, సరిపోల్చుతుంది. అలా నాలుగు నమూనాలు, అంటే మొత్తం ఎనిమిది విడతలు. సగటున సెకనుకు 200 ఎంబీ వేగం అనుకుంటే ఒక్కో విడతకు 22 గంటలు, అన్నీ కలిపి వారం దాటుతుంది. 16 టీబీకి బ్లాకు పరిమాణాన్ని 4096గా, 18 టీబీ, అంతకు పైబడినవైతే 8192గా ఇవ్వాలి, లేకపోతే బ్లాకుల సంఖ్య దాని లెక్కకు మించిపోయి ఆ పరికరం మొరాయిస్తుంది. అంతా అయ్యాక స్మార్ట్ వివరాలు మళ్లీ తీసి, మొదటి ఫైలుతో పక్కపక్కన పెట్టి చూడండి. 5, 197, 198లలో ఒక్కటి పెరిగినా ఆ డ్రైవును వెనక్కి పంపేయండి, అందులో మొహమాటం వద్దు.

వేడి సంగతి మన ఊరి వారికి విడిగా చెప్పాలి. ఈ డ్రైవులకు 60 డిగ్రీల వరకు ఫరవాలేదని కంపెనీలు రాస్తాయి కానీ, మే నెలలో తలుపులు మూసిన గదిలో గాలి ఆడని పెట్టెలో పెట్టి వారం పాటు రాయిస్తే ఆ హద్దుకు చేరడానికి ఎంతో సేపు పట్టదు. డ్రైవుకు నేరుగా గాలి తగిలేలా ఒక ఫ్యాను పెట్టండి.

గంటస్తంభం రిపేర్స్ (విజయనగరం):

మాస్టారూ, మీరు చెప్పిన పద్ధతి శ్రద్ధగా ఉంది. అయినా రెండు మాటలు చెప్పాలి.

మొదటిది, స్మార్ట్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన డ్రైవు మంచిదని కాదు. గూగుల్ సంస్థవారు లక్షకు పైగా డ్రైవులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రంలో, పోయిన డ్రైవుల్లో 56 శాతానికి పైగా ప్రధానమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ ఒక్కదానిలోనూ ముందుగా చిన్న హెచ్చరిక కూడా చూపలేదని తేల్చారు. అంటే మీ పరీక్షలో నెగ్గిన డ్రైవు కూడా మరుసటి నెలలో చెప్పకుండా పోవచ్చు.

రెండోది, ఇంత పెద్ద డ్రైవులు దాదాపు అన్నీ హీలియం నింపి మూసినవే. పాత 1 టీబీ డ్రైవు పోతే ఏదో ఒక నగరంలో విప్పి డేటా తీసేవారు దొరుకుతారు. హీలియం డ్రైవు విప్పడం అందరికీ చేతనయ్యే పని కాదు, ఖర్చు మీరు డ్రైవుకు పెట్టినదానికి ఎన్నో రెట్లు అవుతుంది. పైగా వారం రోజులు ఆగకుండా పరీక్ష నడపడానికి మన దగ్గర కరెంటు అన్ని రోజులు నిలకడగా ఉంటుందా?

సర్వర్ మాస్టారు (శ్రీకాకుళం):

ఆ పత్రం నేనూ చదివాను. మీరు చెప్పిన 56 శాతం నిజమే, దాన్ని కాదనను. అదే పత్రంలో, తనను తాను చదివి చూసుకునేటప్పుడు దొరికే తప్పు, అంటే స్కాన్ ఎర్రర్, మొదటిసారి కనిపించిన డ్రైవు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, ఏ ఎర్రరూ లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని కూడా రాశారు. కాబట్టి పరీక్ష మంచి డ్రైవును నిరూపించలేదు, చెడ్డ డ్రైవును మాత్రం తిరిగి ఇచ్చే గడువులోపల పట్టి ఇవ్వగలదు. నేను దానినుంచి ఆశించేది అంతే. ఆ మాట ముందే స్పష్టంగా రాయవలసింది, రాయకపోవడం నా పొరపాటు.

కరెంటు విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. యూపీఎస్ లేనివారు నాలుగు నమూనాలు కాకుండా ఒకే నమూనా రాసి చదివినా, 45 గంటల్లో డ్రైవులోని ప్రతి మూలా ఒకసారి తడిమినట్టవుతుంది. అంతకంటే తగ్గిస్తే మాత్రం పరీక్ష అనడానికి లేదు.

ఉద్దానం తోట (పలాస):

పరీక్షల మీద నాకు పెద్ద జ్ఞానం లేదు కానీ ఒక అనుభవం చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా దగ్గర తీరం దాటినప్పుడు, జీడి, కొబ్బరి తోటలతోపాటు మా ఇంటి పైకప్పు రేకులు కూడా లేచిపోయాయి. నా కంప్యూటరు, దాని బ్యాకప్ డ్రైవు ఒకే బల్లమీద ఉండేవి, రెండూ కొత్తవే. రెండూ రాత్రంతా వానలో తడిశాయి. మా నాన్నగారి ఫొటోలు ఈరోజు నా దగ్గర లేవు.

స్టూడియో గారూ, కొత్తవి కొన్నా పాతవి కొన్నా, మూడోదాన్ని మీ ఇంట్లో ఉంచకండి. విజయనగరంలో ఉంచినా నాకు ధైర్యం చాలదు, మనవి రెండూ ఒకే తుపాను దారిలోని జిల్లాలు. తీరానికి దూరంగా ఉన్న బంధువుల ఇంటికి పంపండి.

గంటస్తంభం రిపేర్స్ (విజయనగరం):

ఉద్దానం వారి మాట విన్నాక నా వాదనను కొంత సవరించుకోవలసి వచ్చింది. ఒకే ప్రతికి రీసర్టిఫైడ్ డ్రైవు వద్దని ఇప్పటికీ అంటాను. వేర్వేరు ఊళ్లలో మూడు పూర్తి ప్రతులు ఉంచేటట్టయితే నా అభ్యంతరం లేదు. అయితే మూడింటినీ ఒకే యంత్రంలో పెట్టి రెయిడ్ చేయకండి, అంటే అన్నింటినీ కలిపి ఒకే డ్రైవులా నడపకండి, రెయిడ్ వల్ల డ్రైవు పోయినా పని ఆగదు కానీ, పొరపాటున చెరిపిన ఫైలు అన్నింటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. మీ 13 టీబీ ఒక్కో డ్రైవులో పూర్తిగా పడుతుంది కాబట్టి మీకు ఆ అవసరమే లేదు. మూడూ ఒకే లాటులోవి కాకుండా, వేర్వేరు చోట్ల కొనండి.

ఏడురోడ్ల స్టూడియో (శ్రీకాకుళం):

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. ఇద్దరు అమ్మకందారుల దగ్గర మూడు డ్రైవులు కొన్నాను. యూపీఎస్ తీసుకుని, మాస్టారు చెప్పినట్టే నాలుగు నమూనాలూ నడిపాను.

మొదటి రెండింటిలో ఒక్క అంకె కూడా కదలలేదు. మూడోదాన్ని రెండో నమూనా చదివేటప్పుడు 197లో 8 కనబడింది. మూడో నమూనా రాసేసరికి 197 తిరిగి సున్నా అయింది, 5లో మాత్రం 8 వచ్చి కూర్చుంది. నేను రోజూ ఉదయం స్మార్ట్ వివరాలు తీసి దాచి ఉండకపోతే, ఆ 8 ముందునుంచీ ఉన్నదో, ఇప్పుడు వచ్చినదో నాకే తెలిసేది కాదు. డ్రైవు ఆరోగ్యం పాస్ అనే చూపుతోంది కాబట్టి మార్చబోమని అమ్మకందారు మొదట అన్నారు. తేదీలతో సహా ఫైళ్లన్నీ పంపాక ఒప్పుకుని, పదకొండు రోజుల్లో వేరే డ్రైవు పంపారు. అది ప్రస్తుతం రెండో విడతలో ఉంది. పక్కన ఫ్యాను పెట్టాను, వేడి 41 డిగ్రీలు దాటలేదు.

బాగున్న రెండింటిలోకి తప్పెటగుళ్లు, జముకుల కథ ఫోల్డర్లను అన్నిటికంటే ముందు ఎక్కించి, ప్రతి ఫైలుకు, అది తర్వాత మారిందో లేదో పట్టి ఇచ్చే చెక్‌సమ్ తీసి జాబితా రాసిపెట్టాను. మూడో డ్రైవు పరీక్ష నెగ్గితే హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళుతుంది. ఏడాదికి రెండుసార్లు పండగలకు వచ్చేటప్పుడు వెంట తెమ్మని, ఇక్కడ జాబితాతో సరిచూసి మళ్లీ పంపుతానని చెప్పాను.

గంటస్తంభం రిపేర్స్ (విజయనగరం):

సంతోషం. తెరుచుకోని ఆ రెండు పాత 2 టీబీ డ్రైవులను పారవేయకండి. ఎక్స్‌టర్నల్ వాటిలో చాలాసార్లు పోయేది యూఎస్‌బీ బోర్డు మాత్రమే, లోపలి డ్రైవు బాగానే ఉంటుంది. కొన్నింటిలో యూఎస్‌బీ సాకెట్ డ్రైవు బోర్డుమీదే ఉంటుంది కనుక విప్పి చూస్తేగాని చెప్పలేను. ఈసారి విజయనగరం వచ్చినప్పుడు రెండూ తీసుకురండి, చూద్దాం.