‘సానికొంప’ అని వార్తల్లో రాయొచ్చా?

గోదారిగట్టు: నిన్నొక వార్తకు పెట్టిన శీర్షిక: ‘సానికొంపపై పోలీసుల దాడి’. ఇదేం రాత? ‘సాని’ స్వామిని నుంచి వచ్చిన గౌరవ పదం. గుడిలో ఆడిపాడిన స్త్రీలను శాసనాల్లో సానులనే చెక్కారు. సానుల ఆటపాటలు మాన్పించాలన్న నాచ్ వ్యతిరేక ఉద్యమం, ఆడపిల్లలను గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించిన 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత కొలువులు పోయాయి, తిట్టు మిగిలింది. ఆ సానుల వారసులైన కళావంతుల పిల్లలు కూడా ఈ వార్తలు చదువుతారండీ.

మానేరు: మా దిక్కు దొరసాని అంటే దొర భార్య. మంత్రసాని అన్నా ఎవరూ తప్పు పట్టరు. నన్నడిగితే ఆ మాటలో విషమంతా ‘కొంప’లనే ఉన్నది. జనం నోట్ల ఉన్న మాటను నిషేధిస్తే రేపు కథల పాత్రలు ఏం మాట్లాడాలె?

గోదారిగట్టు: పాత్రలు ఏమన్నా మాట్లాడనివ్వండి, నా గొడవ విలేకరితో. ‘వ్యభిచార గృహం’ అని రాస్తే ఏం పోయింది?

నల్లకోటు: అదీ అంత తేలిక కాదు. 1956 అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం అది ఇల్లే కానక్కర్లేదు, గది కావచ్చు, వాహనం కావచ్చు. కానీ అక్కడ జరిగేది మరొకరి లాభం కోసమో, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల ఉమ్మడి లాభం కోసమో అయివుండాలి. ఒక్కతే తన ఇంట్లో, తన సంపాదన కోసం చేసుకుంటే ఆ ఇల్లు ఈ నిర్వచనంలోకి రాదు. మన వార్తల్లో మాత్రం పోలీసులు తలుపు తట్టిన ప్రతి గదీ వ్యభిచార గృహమే. 2022 మేలో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కమిటీ సిఫార్సుల్లో స్పష్టంగానే ఉంది: ఇష్టపూర్వకంగా చేసే ఆ పని నేరం కాదు, గృహం నడపడమే నేరం; దాడుల్లో ఆ స్త్రీలను అరెస్టు చేయొద్దు. మీడియా ఆ స్త్రీల గుర్తింపు బయటపెట్టకుండా చూడాలన్న సిఫార్సునైతే కోర్టు అమలు చేయమంది కూడా. అయినా ‘ఇద్దరు మహిళలు, ముగ్గురు విటులు అరెస్టు’ అని రాస్తూనే ఉన్నారు. విటులట! ప్రబంధాల్లోంచి నేరుగా స్టేషన్‌కు దిగినట్టు.

మానేరు: మరి ఏం రాయమంటరు సార్?

నల్లకోటు: ‘వ్యభిచార గృహం నడుపుతున్నాడన్న ఆరోపణపై నిర్వాహకుడి అరెస్టు’. నిర్వాహకుడు శీర్షికలోకి రావాలి. ఆడవాళ్ల ఫొటోలు, ఊరి పేర్లు అక్కర్లేదు.

గోదారిగట్టు: నిర్వాహకుడి సంగతి ఒప్పుకుంటా. ‘వ్యభిచారం’ దగ్గరే పేచీ. పెళ్లయినవాళ్లు దారి తప్పినా అదే మాట వాడతాం. ‘సెక్స్ వర్కర్’ అంటున్నప్పుడు చోటుకు మాత్రం పాప భాష ఎందుకు?

మానేరు: పోలీసోళ్ల ప్రెస్ నోట్‌లనే ఆ మాట ఉంటది. డెస్క్‌ల దాన్ని మార్చే తీరిక ఎవరికున్నది?