ఎన్‌పీటెల్ క్రెడిట్లు కాలేజీ ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె, బీటెక్ మూడో ఏడు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో, ఐఐటీల వాళ్లు నడిపే 12 వారాల ఎన్‌పీటెల్ కోర్సు చేస్తున్నాను. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. పన్నెండింటిలో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి వస్తాయి కాబట్టి వాటితో భయం లేదు. సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి, అది వేరే కథ. టెన్షనంతా క్రెడిట్ల గురించే, అంటే ఈ కోర్సును నా డిగ్రీ లెక్కలో కలుపుతారా లేదా అని. సెమిస్టర్‌లో 40 శాతం దాకా స్వయం కోర్సులు తీసుకోవచ్చని యూజీసీ 2021లోనే చెప్పింది. మా డిపార్ట్‌మెంట్‌లో మాత్రం "ముందే పర్మిషన్ తీసుకోలేదుగా, కుదరదు" అంటున్నారు. పరీక్ష ఫీజు కూడా కట్టేశాను. ఇప్పుడు నేరుగా యూనివర్సిటీకి అర్జీ పెట్టుకోవచ్చా, ప్రిన్సిపాల్ ద్వారానే వెళ్లాలా? ఇలా మధ్యలో ఒప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ కాగితాలు జతచేశారో కాస్త చెప్పండి.