శ్రీలంకలో మన జవాన్ల ప్రాణాలు తీసింది ఆదేశాలా, శిక్షణ లోపమా?

తిరుమలగిరి_పాతకాపు:
1987 అక్టోబర్ 11 అర్ధరాత్రి దాటాక ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ జవాన్లు 30 మందిని హెలికాప్టర్లలో దింపారు. తమిళ ఈలం కోసం పోరాడే ఎల్‌టీటీఈ గెరిల్లాల కాల్పులకు హెలికాప్టర్లు దెబ్బతిని, వెనక రావాల్సినవాళ్లు రాలేకపోయారు. 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు. ఇందులో జవాన్ల శిక్షణ లోపం ఎక్కడుంది? పంపినవాళ్లదే తప్పు.

శివరామ్_గుంటూరు:
శిక్షణ లోపమే. మన డివిజన్లలో చాలావాటికి తెలిసింది పాకిస్తాన్ సరిహద్దు యుద్ధం. తాటితోపుల్లో, ఇళ్ల సందుల్లో, మందుపాతరల మధ్య ఎలా నడవాలో ఎవరు నేర్పారు? జులై 29న భారత్-శ్రీలంక ఒప్పందం, మర్నాటి నుంచే ప్రయాణం.

తిరుమలగిరి_పాతకాపు:
రేడియో సంగతి చెప్పండి. ఎల్‌టీటీఈ మన రేడియో మాటలు విని ముందే కాచుకుని కూర్చుంది.

వెన్నెల_బాట:
రేడియో ఒక్కటేనా కారణం?

హవల్దార్_బిడ్డ:
మా నాన్న సైన్యంలో 54వ డివిజన్. సికింద్రాబాద్ నుంచే వెళ్లారు. శాంతి కాపాడటానికని చెప్పి పంపారు. రెండున్నర నెలలకే, పిలిచి మంచినీళ్లిచ్చిన ఊళ్లలోనే కాల్పులు. మోకాలి గాయానికి పెన్షన్ కోసం తొమ్మిదేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగారు.

శివరామ్_గుంటూరు:
పెన్షన్‌కీ దీనికీ ఏం సంబంధం?

హవల్దార్_బిడ్డ:
ఉంది. చర్చలకు వచ్చే ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్‌ను కాల్చేయమని సెప్టెంబర్‌లో ఫోన్ వస్తే కుదరదన్నానని ఆ డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ హర్‌కిరత్ సింగ్ తర్వాత రాసుకున్నారు. మంచి పని చేశారు. మాట్లాడటానికి పిలిచిన మనిషిని చంపకూడదు. మరి యూనివర్సిటీ దాడిని ఎందుకు ఆపలేదు? కాదనే వీలు ఆయనకుంది, మా నాన్నకు లేదు. దెబ్బ మాత్రం నాన్నకే తగిలింది.

తిరుమలగిరి_పాతకాపు:
బాబూ, నేనూ 22 ఏళ్లు యూనిఫాం వేసుకున్నాను. యుద్ధం మొదలయ్యాక ప్రతి ఆదేశాన్నీ తూకం వేస్తూ కూర్చుంటే ఏ సైన్యమూ నిలవదు. ఆ ప్లాన్ తప్పే. అయినా పొమ్మంటే నేనూ పోయేవాణ్ణి.

హవల్దార్_బిడ్డ:
మీరు పోతారు అంకుల్, అందులో నాకు అనుమానం లేదు. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. పంపినవాళ్లలో ఎవరు ఎవరికి జవాబు చెప్పారు? నేను అడిగేది అదొక్కటే.

శివరామ్_గుంటూరు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. మిజోరంలో వైరెంగ్టే జంగిల్ వార్‌ఫేర్ స్కూలు అప్పటికే ఉంది. ఓడ ఎక్కించే ముందు మూడు వారాలు అక్కడ తిప్పి ఉంటే సగం మందైనా ఇంటికొచ్చేవారు.