280లో 0.35, 214లో మీటరు దాటిపోతోంది: సీసాలో పెప్టైడ్ ఎంతుంది?

పాలమూరు_బయోకెమ్:
నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు. ప్రాజెక్టుకి 12 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అంటే పెప్టైడ్, తెప్పించాం. నాలుగు అలనిన్లు, నాలుగు గ్లుటామేట్లు, మూడు లైసిన్లు, ఒకే ఒక్క టైరోసిన్. అణుభారం సుమారు 1,366. సీసా మీద 1 మిల్లీగ్రాము అని ఉంది. ఉప్పు కలిపిన ట్రిస్ బఫర్ (పీహెచ్ మారకుండా ఆపే ద్రావణం) 2 మిల్లీలీటర్లలో కరిగించి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టే క్వార్ట్జ్ గిన్నెలో (క్యువెట్) పోసి పెట్టాను. 280 నానోమీటర్ల కాంతి దగ్గర అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పట్టిందో చెప్పే అంకె) 0.35 వచ్చింది. లెక్కకి 0.54 రావాలి. 214 దగ్గర 3 దాటి అంకెలు గెంతుతున్నాయి. మూడుసార్లు చేసినా అంతే. ఖర్చు నలుగురం పంచుకున్నాం, ఇంకో సీసా తెప్పించలేం. తప్పు నా చేతిదా, సీసాదా? ఈ యూవీతోనే హెలిక్స్ (గొలుసు స్ప్రింగులా చుట్టుకున్న ఆకారం) ఉందో లేదో తెలుస్తుందా? సోమవారం గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

మర్రిగూడ_ల్యాబ్:
అమ్మా, నీ చెయ్యి బాగానే ఉంది. నల్గొండలో ఇరవై రెండేళ్లు స్పెక్ట్రోఫోటోమీటర్ పక్కనే కూర్చున్నవాణ్ణి, ఈ రెండు రీడింగులూ చాలాసార్లు చూశాను.

ముందు 280 సంగతి. నీ పెప్టైడ్‌లో అక్కడ కాంతిని పట్టేది ఆ ఒక్క టైరోసినే. దాని మోలార్ గుణకం (ఒక మోలార్ గాఢతకి ఒక సెంటీమీటరు దారిలో వచ్చే అబ్జార్బెన్స్) సుమారు 1,490. 0.35ని దానితో భాగిస్తే 0.235 మిల్లీమోలార్, అంటే రెండు మిల్లీలీటర్లలో 0.64 మిల్లీగ్రాము. మిగతాది ఏమైంది? ఎక్కడికీ పోలేదు, అసలు పెప్టైడే కాదది. ఇలాంటి పెప్టైడ్‌ని శుద్ధి చేసేటప్పుడు మామూలుగా ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం వాడతారు. ప్రతి లైసిన్, గొలుసు మొదట్లోని అమైన్ తలా ఒక ట్రైఫ్లోరోఅసిటేట్‌ని వెంటబెట్టుకుని వస్తాయి. నీ దాంట్లో అలాంటివి నాలుగు, ఒక్కోటి 114 బరువు. దానికి కాస్త తేమ కలుపుకో. తక్కెడ చూపేది వీటన్నిటి బరువు, టైరోసిన్ చూపేది ఒక్క పెప్టైడ్‌నే. నేనైతే టైరోసిన్ మాటే నమ్ముతాను. నోట్‌బుక్‌లో 0.64 అనే రాయి.

214 దగ్గర గొలుసులోని పెప్టైడ్ బంధాలన్నీ కాంతిని పడతాయి. ఒక్కో బంధానికి సుమారు 920, నీకు 11 బంధాలు, పైన టైరోసిన్‌ది 5,400 దాకా. మొత్తం 15,500. నీ గాఢతకి అది 3.6 అవుతుంది. ఇక డిటెక్టర్‌కి చేరే కాంతి ఏది? పదింతలు పలచన చెయ్యి. బఫర్ కూడా మార్చు, ట్రిస్ అక్కడ తనూ కొంత కాంతి తినేస్తుంది. 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ చాలు, బ్లాంక్ (పెప్టైడ్ లేకుండా సున్నా పెట్టుకునే రీడింగు) కూడా దాంతోనే. డ్యూటీరియం ల్యాంప్ వేశాక అరగంట ఆగు. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ అరగంట.

రామన్నపేట_ఫార్మా:
చెల్లీ, సార్ చెప్పినదానికి ఒక్క మాట. 320 నుంచి 350 దాకా కూడా స్కాన్ చెయ్యి. అక్కడ నీ పెప్టైడ్‌లో కాంతిని పట్టేదేమీ లేదు, గీత సున్నా మీద పడుకోవాలి. లేచి ఉంటే పెప్టైడ్ గుంపు కట్టి కాంతిని చెదరగొడుతోందన్నమాట. అప్పుడు 280 రీడింగు కూడా ఎక్కువ చూపిస్తుంది.

పాలమూరు_బయోకెమ్:
సార్, ఫాస్ఫేట్‌లో పదింతలు పలచన చేశాను, 214లో 0.38 వచ్చింది! అన్నా, 340 దగ్గర సున్నానే. నిన్న రాత్రి నిద్రపట్టింది. మరి హెలిక్స్ సంగతి?

మర్రిగూడ_ల్యాబ్:
సంతోషం అమ్మా. హెలిక్స్ కట్టిన గొలుసు 190 దగ్గర, విడివిడిగా ఉన్న గొలుసు కన్నా తక్కువ కాంతి పడుతుంది. పాలీలైసిన్ లాంటి పొడవాటి గొలుసుల్లో ఆ తేడా బాగా కనిపిస్తుంది. నీది 12 ముక్కలదే. నీళ్లలో అంత చిన్న గొలుసు హెలిక్స్‌గా నిలబడటం కష్టం. పైగా 195 కిందికి వెళ్తే గాలిలోని ఆక్సిజనే కాంతి తినేస్తుంది, నైట్రోజన్ పారించాలి. గైడ్‌కి హెలిక్స్ ఉందని చెప్పకు. దానికి సర్క్యులర్ డైక్రోయిజం (ఎడమకీ కుడికీ తిరిగే కాంతిని గొలుసు పట్టడంలో తేడా కొలిచే పద్ధతి) కావాలి, అందులో కూడా ముందు గాఢత సరిగ్గా తెలియాలి. అది నీ దగ్గర ఇప్పుడుంది.

ఎప్పుడైనా 200 కిందికి దిగితే ఉప్పుగా సోడియం క్లోరైడ్ వద్దు, క్లోరైడ్ అక్కడ కాంతిని పడుతుంది. సోడియం ఫ్లోరైడ్ వాడతారు. మా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ అంటే వంగిపోయిన నడుములే కళ్ల ముందుకొస్తాయి. కాబట్టి నీళ్లలా చూడకు: గ్లౌజులు వేసుకో, ఆమ్లం దగ్గరికి రానివ్వకు, మిగిలింది సింకులో పోయకుండా లేబుల్ వేసిన సీసాలో పట్టు.

సోమవారానికి ఒకటి చేసి చూపించు. కొంచెం ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి పీహెచ్ 12కి తీసుకెళ్లు. 275 దగ్గరున్న గుట్ట 293 వైపు జరిగి, ఎత్తు పెరుగుతుంది. టైరోసిన్ తన ప్రోటాన్ వదిలేసిందన్నమాట. రెండు గీతలూ ఒకే కాగితం మీద ప్రింట్ తీసుకుని వెళ్లు.